అగ్గిపుల్లలతో బిగించిన కుట్ర

"గని ఫ్యాన్ ఆగితే ఏమవుతుంది?" అడిగాడు చీఫ్ పట్టాభిరామయ్య.

"లోపలికి గాలి పోదు సార్. గ్యాస్ నిండుతది." అన్నాడు ఏజెంట్ రఘుపతి. ఇప్పుడు గనిలో ఉన్న షిఫ్టులో అతని సొంత అన్న బుచ్చన్న కూడా ఉన్నాడు.

విదేశీ ముఠాకు అమ్ముడుపోయిన ఇంజనీరు వినీత్ గోదావరిఖనిలో ఓ అద్దె ఇంట్లో తిష్ట వేశాడు. అతని ల్యాప్‌టాప్ ఆజ్ఞ ఇస్తే, దానికి కలిపిన ట్రాన్స్‌మీటర్ పెట్టె ఫ్యాన్‌ను ఆపేస్తుంది. సాయంత్రం ఐదింటికి ముహూర్తం. తలుపు బద్దలుకొడితే వెంటనే మీట నొక్కేస్తాడు.

"మన ఏజెంట్ సుహాసిని లోపలే ఉంది," అన్నాడు చీఫ్. "ముఠా ఆమెను తమ మనిషనుకుంటోంది. కోడ్ వర్డ్, కూలర్ గడ్డి."

రఘుపతి కూలర్ మెకానిక్ వేషంలో వెళ్లాడు. సెంటు ఘుమఘుమలతో సుహాసిని తలుపు తీసింది. వినీత్ ఒళ్లో పిస్తోలు పెట్టుకుని కూర్చున్నాడు.

పెట్టెను చూడగానే రఘుపతికి ఒళ్లు మండింది. ఛీ! ట్రాన్స్‌ఫార్మర్ లేదు, ఐసోలేషన్ లేదు. గోడలోని కరెంటు నేరుగా సర్క్యూట్‌లోకి, అక్కణ్నుంచి యూఎస్‌బీ వైరు మీదుగా ల్యాప్‌టాప్‌లోకి. పైగా ప్లగ్గు కూడా లేదు! రెండు తీగలూ సాకెట్లో దోపి అగ్గిపుల్లలతో బిగించాడు. ఫారిన్ చదువట, ఏం వెలగబెట్టాడో! గ్రౌండ్‌కు కలిపిన తీగ అదృష్టం కొద్దీ కరెంటు లేని న్యూట్రల్ రంధ్రంలో పడింది కాబట్టి ఇంకా బతికున్నాడు.

"కూలర్ గడ్డి మార్చాలె మేడం."

సుహాసిని చేతిలోని కాఫీ కప్పు భళ్లున కిందపడింది. వినీత్ అటు తిరిగాడు. రఘుపతి చటుక్కున స్విచ్ ఆపి, తీగలు అటుదిటు మార్చి, మళ్లీ వేశాడు. ఇప్పుడు ల్యాప్‌టాప్ గ్రౌండంతా కరెంటు పారే ఫేజ్ మీదుంది. బ్యాటరీ మీద నడుస్తోంది కాబట్టి పైకేమీ తెలియదు.

"ఏం చేశావురా అక్కడ?" వినీత్ పిస్తోలు ఎత్తాడు.

"కూలర్‌కు కరెంటు వస్తుందా అని చూసిన సార్."

"బుద్ధిలేని వెధవ! ఆ మూల కూర్చో."

ఐదు కావస్తోంది. మూల నుంచి రఘుపతి చార్జర్ వైపు చూపిస్తూ సుహాసినికి కళ్లతో సైగ చేశాడు. వినీత్ వేలు మీట మీదికి వెళ్లింది.

"చార్జింగ్ అయిపోయేలా ఉంది," అంది సుహాసిని. "మధ్యలో ఆగిపోతే బాస్ ఊరుకుంటాడా?"

వినీత్ విసుక్కుంటూ గోడలోని మూడు రంధ్రాల సాకెట్‌కున్న చార్జర్ పిన్నును ల్యాప్‌టాప్‌లో గుచ్చాడు. చార్జర్ ఎర్త్ తీగలో భూమికి దారి దొరికిన ఫేజ్ ఊరుకుంటుందా?

ఢాం!

తెర నల్లబడింది. వినీత్ పిస్తోలు జారవిడిచి వెల్లకిలా పడ్డాడు. రఘుపతి దాన్ని అందుకుని అతని ఛాతీకి గురిపెట్టాడు.

గని ఫ్యాన్ తిరుగుతూనే ఉందని ఫోన్ వచ్చాక గాని రఘుపతికి ఊపిరాడలేదు.

"ఏం ఆయుధం వాడావయ్యా?" అడిగాడు చీఫ్.

"వాని చార్జరే సార్. ఆ ఇంట్ల సక్కగున్న సామాను గదొక్కటే."