చప్పుడు కింద చప్పుడు

మా పనేమిటో చెబితే ముందు అందరూ నవ్వుతారు. తలుపు వేస్తే ఎంత చప్పుడవుతుందో కొలవడం, ఆ చప్పుడు తగ్గించడం. కొలిచేది నేను. తగ్గించేది మా బావ, అంటే మా అక్క మొగుడు. ఫిట్టరు. చేతిలో సుత్తి, నోట్లో అంతకన్నా పెద్ద సుత్తి. అందుకే వర్క్‌షాపులో ఆయన పేరు సుత్తిబావ అయిపోయింది. మీటరు ఆన్ చేసినప్పుడు మాత్రం అందరం నోరు మూసుకోవాలి. ఆ అర నిమిషం ఆయనకి ప్రాణసంకటం.

పరీక్షలు చేసే గదికి కిటికీల్లేవు. గోడలకీ పైకప్పుకీ మందపాటి స్పాంజి. లోపల నిలబడితే మన గుండె మనకే వినిపిస్తుంది. గది మధ్యలో ఒక ఇనప చట్రం. కొలవాల్సిన తలుపుని గుమ్మంతో సహా అందులో బిగిస్తాం. ఇటూ ఖాళీయే, అటూ ఖాళీయే. కావాలంటే చుట్టూ తిరిగి రావచ్చు.

ఆ రోజు పొద్దున వచ్చింది ఒక పాత ఆసుపత్రి తలుపు. మూతపడ్డ వార్డుదట. వేసినప్పుడల్లా తుపాకీ పేలినట్టు మోగుతుందనీ, లాచ్ మూడుసార్లు మార్చినా అంతేననీ హెడ్‌నర్సు ఫోనులో చెప్పింది. పెట్టెయ్యబోతూ ఆగి, "కాస్త తగ్గిస్తే చాలు. మరీ పూర్తిగా వద్దు" అంది. ఎందుకని అడిగేలోపు పెట్టేసింది.

మొదటిసారి వేస్తే ఎనభై నాలుగు డెసిబుల్స్. బావ బందులకి నూనె పోసి, గుమ్మం చుట్టూ రబ్బరు పట్టీ అతికించాడు. అరవై ఆరు. లాచ్ నాలుక తగిలే ఇనప ముక్క తీసి నైలాన్‌ది పెట్టాడు. నలభై తొమ్మిది.

"బావా, లాచ్ పడ్డాక ఇంకేదో మోగింది."

"నా పొట్టరా. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు."

నవ్వాను కానీ, తెర మీద గీత అబద్ధమాడదు కదా. క్లిక్కు తర్వాత గీత మళ్ళీ లేచింది. ఒకటి, రెండు, మూడు. మధ్యలో ఎడం సమానంగా ఉంది.

బావ స్ప్రింగు మార్చాడు. నాలుకకి ఫెల్టు చుట్టాడు. తలుపు వేశాను. ముప్పై ఒకటి. వేసినట్టే తెలియలేదు.

అప్పుడు వినిపించింది.

మెత్తటి దాని మీద కర్ర పడుతున్న చప్పుడు. తడి చప్పుడు. దాని వెనక ఒక ఆడగొంతు. అరిచి అరిచి అరిగిపోయిన గొంతు. "చాలయ్యా... ఇంక చాలయ్యా..." గుమ్మం సందులోంచి ఫినాయిలు వాసన, దాని కింద పచ్చి నెత్తురు వాసన.

తలుపు లాగాను. ఎదురుగా మా స్పాంజి గోడ. నిశ్శబ్దం. వేశాను. మళ్ళీ దెబ్బలు. చుట్టూ తిరిగి అటువైపు వెళ్ళాను. ఎవరూ లేరు. ఇన్నాళ్ళూ ఆ తలుపు మోత దీన్ని కప్పేసింది. మేం ఆ కప్పు తీసేశాం.

"విప్పేసి పంపేద్దాం బావా," గుసగుసగా అన్నాను.

"ఎవర్నో చంపుతున్నార్రా."

"లేరు బావా. చూశాంగా."

"తెరిస్తే లేరు. మూస్తే ఉన్నారు."

ఆయన మొహంలో రంగు లేదు. సుత్తి తీసుకున్నాడు. తలుపు తెరిచి గడప దాటాడు. నేను చెయ్యి పట్టుకోబోయేలోపే తలుపు తన వెనకాల లాక్కున్నాడు.

ఆడగొంతు ఆగిపోయింది.

"ఎవడ్రా నువ్వు?" బావ గొంతు... తలుపులోంచి.

తర్వాత మొదటి దెబ్బ.

అటువైపు పరుగెత్తాను. బావ లేడు. సుత్తి ఒక్కటే నేల మీద పడి ఉంది. హ్యాండిల్ తిప్పాను... తిరగలేదు. లోపల కొడుతున్నారు. నేను చప్పుళ్ళు కొలిచేవాణ్ణి. ఏది కర్రో, ఏది ఎముకో నాకు తెలుస్తుంది. మోకాలు. పక్కటెముకలు. పళ్ళు నేల మీద రాలడం కూడా... బావ అక్కని పిలిచాడు. తర్వాత నన్ను. తర్వాత ఎవర్నీ పిలవలేదు. దెబ్బలు మాత్రం ఆగలేదు.

సుత్తితో లాచ్ మీద కొట్టాను. చేతులు చీరుకుపోయేదాకా కొట్టాను. నాలుక విరిగింది. తలుపు ఊడొచ్చింది. బావ నా మీద పడ్డాడు. మోచెయ్యి వెనక్కి తిరిగి ఉంది. నోరంతా నెత్తురు. ఒక కన్ను మూసుకుపోయింది. రెండోది నన్ను గుర్తుపట్టలేదు.

మీటరు లెక్క ప్రకారం ఆయన లోపలున్నది నాలుగు నిమిషాలు.

ఆ సాయంత్రమే తలుపుని రంపంతో కోయించి, నా ఎదురుగా కాల్పించాను. బూడిద చల్లారేదాకా అక్కడే నిలబడ్డాను.

మూడో రోజు ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రేలు పట్టుకుని అక్కనీ నన్నూ బయటికి పిలిచాడు.

"ఇవి మొన్నటి దెబ్బలు కావు. ఎముకలు విరిగి, అతుక్కుని, మళ్ళీ అక్కడే విరిగాయి. కనీసం ఐదారేళ్ళుగా కొడుతున్నారు. ఇంట్లో ఎవరు?"

అక్క బిత్తరపోయి నావంక చూసింది.

లోపలికొచ్చాక ఆమె మంచం మీద కూర్చుని, గంజి ఊది ఊది స్పూనుతో నోటి దగ్గర పెట్టింది. బావ గుసగుసలాడాడు.

"మెల్లగా... మాట్లాడకు. తిండికెళ్ళాడు. పది నిమిషాల్లో వస్తాడు."

"ఎవరూ రారండీ. నేనున్నాగా," అంది అక్క ఏడుస్తూ.

బావ కళ్ళు గోడ గడియారం మీదే ఉన్నాయి. సరిగ్గా పది నిమిషాలకి రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకుని ముడుచుకుపోయాడు. గదిలో మేం ముగ్గురమే. చిన్న అలికిడి కూడా లేదు.

ఆయన తల ఒక్కసారిగా పక్కకి విసురుగా తిరిగింది. మేం చూస్తుండగానే బుగ్గ మీద వేళ్ళ అచ్చు ఎర్రగా తేలింది.

ఆరు వేళ్ళు.