కలీం పేరున్న క్యాసెట్

బుధవారం. ఉదయం పది నలభై.

పుంగనూరు పోలీస్ స్టేషన్‌లో ఎస్సై మునీశ్వరి టేబుల్ మీద నిలోఫర్ ఒక బూడిదరంగు వీడియో గేమ్ క్యాసెట్ పెట్టింది.

"దీంట్లో మా తమ్ముడి పేరు ఉండె మేడం. ఎవరో తీసేసినారు. ఎవరో ఏంది, ఆ తాజుద్దీనే. కేసు రాసుకోండి."

రైటర్ ఆంజనేయులు నవ్వాడు. "ఆటసామానుకు కేసేందమ్మా?"

"నవ్వేదానికి ఏముండాది సార్ ఈడ?"

ఆమె గొంతుకు బయట సెంట్రీ కూడా తలతిప్పి చూశాడు. మునీశ్వరి కుర్చీ చూపించింది. "కూర్చోమ్మా. మొదట్నించీ చెప్పు."

నిలోఫర్‌ది పుంగనూరే, మదనపల్లెలో ల్యాబ్ టెక్నీషియన్. తమ్ముడు కలీం మూడేళ్ల కిందట డెంగీతో చనిపోయాడు. పందొమ్మిదేళ్లు. మేనమామ దుబాయ్ నుంచి తెచ్చిన పాత ఒరిజినల్ మెషీన్‌లో ఎప్పుడూ ఇదే ఆట ఆడేవాడు. ఎంతవరకు ఆడాడో క్యాసెట్ తన లోపలి చిన్న బ్యాటరీ సాయంతో గుర్తుపెట్టుకుంటుంది. స్విచ్ వేస్తే టీవీలో అతని పేరు కనిపిస్తుంది. ఏటా అతని పుట్టినరోజున నిలోఫర్ ఆ పేరు చూసి ఆపేసేది. ఆట లోపలికి వెళ్లడానికి ఎప్పుడూ మనసొప్పలేదు.

"మెషీన్ రిపేరుకు ఎప్పుడిచ్చినావు?"

"పోయిన సోమవారం. మదనపల్లెలో తాజుద్దీన్ చాచా అంగట్లో. టెస్టింగ్‌కని క్యాసెట్ గూడా ఇచ్చినా. గురువారం సాయంత్రం అయిదుకు తెచ్చుకున్యా."

"తెచ్చినాక వేసి సూసినావా?"

"నిన్న కలీం పుట్టినరోజు. నిన్ననే వేసినా. బొమ్మే రాలేదు, లైటు ఊరికే కొట్టుకుంటాండాది. పక్కింటి హుమా వాళ్ల చైనా సెట్‌లో పెడితే ఆట వచ్చింది. పేరు లేదు."

"నడమ ఇంకెవరి చేతికన్నా పోయిందా?"

"దినేష్. కలీం ఫ్రెండే. కుప్పంలో పాత గేముల సెంటర్ నడుపుతాండాడు. శనివారం పొద్దున ఎగ్జిబిషన్‌కని తీసకపోయి సోమవారం ఇచ్చినాడు. పేరు పోయిండాదని ఫస్ట్ చెప్పిందే వాడు మేడం. ఏడ్సినాడు గూడా."

మధ్యాహ్నం పన్నెండున్నర. మదనపల్లె.

తాజుద్దీన్ సోల్డరింగ్ ఐరన్‌ను బల్ల మీద విసిరికొట్టాడు.

"ముప్పై ఏండ్లుగా ఈడ కూర్చోనుండా! పవర్ ఒకటే పోయింటే అది మార్చినా. క్యాసెట్ మూత గూడా తియ్యలా. కలీం పేరు నా కండ్లతో సూసినా. ఆ పిల్ల నా మీద కేసు పెడతాదా?"

మునీశ్వరి నిలోఫర్ ఇంటి నుంచి తెప్పించిన మెషీన్‌ను, క్యాసెట్‌ను అతని ముందు పెట్టింది. "కోపం తర్వాత పడుదువు గానీ, నీ దగ్గర వేరే ఒరిజినల్ క్యాసెట్ ఉండాదా?"

ఉంది. పెట్టాడు. బొమ్మ వచ్చింది.

మునీశ్వరి రెండు క్యాసెట్లనూ పక్కపక్కన పెట్టి చూసింది.

సాయంత్రం నాలుగు గంటలు. కుప్పం.

దినేష్ సెంటర్ గోడ పొడవునా పాత మెషీన్లు. అతను వాటిని ముద్దుగా తుడుస్తూ మాట్లాడాడు.

"చైనా సెట్లు నేను ముట్టను మేడం. రంగు తేడా, సౌండ్ తేడా. ఈడ అన్నీ ఒరిజినలే."

"కలీం క్యాసెట్ దేంట్లో పెట్టినావు?"

"ఇదో, దీంట్లోనే. శనివారం పదకొండున్నరకు. ఆట వచ్చింది, పేరు లేదు. లోపల బ్యాటరీ సచ్చిపోయింటాది. తాజుద్దీన్ వేడి తగిలించినాడేమో."

ఆంజనేయులు స్టేట్‌మెంట్ రాశాడు. దినేష్ సంతకం పెట్టాడు.

మర్నాడు గురువారం పదకొండు గంటలకు మునీశ్వరి మళ్లీ అక్కడికే వచ్చింది. వెంట నిలోఫర్, తాజుద్దీన్. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

మునీశ్వరి క్యాసెట్‌ను దినేష్ చేతికిచ్చింది. "శనివారం ఆడినావు గదా. అదే మెషీన్‌లో పెట్టు."

దినేష్ కదల్లేదు. ఆంజనేయులే పెట్టి స్విచ్ వేశాడు.

తెర నల్లగా ఉంది. లైటు కొట్టుకుంటోంది.

"నిలోఫర్ ఇంట్లోనూ ఇట్లే అయింది. మెషీన్ చెడిపోయిండాదని అందరూ అనుకున్యారు. వేరే క్యాసెట్ పెట్టి సూసినోళ్లు లేరు. ఒరిజినల్ మెషీన్‌లో తాళం లాంటి చిప్ ఉంటాదని తాజుద్దీన్ చెప్పినాడు. దానికి జత చిప్ క్యాసెట్‌లో లేకపోతే ఆట మొదలే కాదు. చైనా సెట్‌కు ఆ తాళం లేదు, నకిలీని గూడా ఆడిస్తాది. ఇది నకిలీ. మరి శనివారం నీ ఒరిజినల్‌లో ఆట యెట్ల వచ్చింది దినేష్? ఆ పొద్దు నీ చేతిలో ఉండింది అసలు క్యాసెట్. లేదంటే నువ్వు సంతకం పెట్టింది అబద్ధం."

తాజుద్దీన్ నకిలీ క్యాసెట్ మూత విప్పాడు. చిన్న బోర్డు, దాని మీద నల్లటి చుక్కలాంటి ఒకే చిప్. అంతే.

"బ్యాటరీయే లేదు. లేని బ్యాటరీ యెట్ల సచ్చిపోతాది రా?"

సొరుగులో బబుల్ షీట్ చుట్టిన పార్సిల్ దొరికింది. బెంగళూరు అడ్రస్.

నిలోఫర్ దాన్ని లాక్కుని చించింది. అసలు క్యాసెట్‌ను తనే మెషీన్‌లోకి నెట్టింది. బొమ్మ వెంటనే వచ్చింది.

పేర్లుండాల్సిన మూడు వరుసలు. మూడూ ఖాళీ.

"పేరేది?"

"బ్యాటరీ మార్చినాను అక్కా. కొత్తది వేస్తేనే కొంటానన్యాడు బెంగళూరు ఆయప్ప."

"పాతది తీస్తే పేరు పోతాదని తెలుసా నీకు?"

"...తెలుసు."

నిలోఫర్ అతని చెంప పగిలేలా కొట్టింది. రెండోసారి ఎత్తిన చేతిని మునీశ్వరి పట్టుకుంది.

"తీసే ముందు ఆట లోపలికి పోయి సూసినావా?" నిలోఫర్ అరిచింది. "చెప్పు!"

"సూసినా. ఆటలో ఒక ఏటికాడ ఆపిండాడు. పక్కన కుక్క ఉంటాది, పేరు మనమే పెట్టల్ల. దానికి... నిలోఫర్ అని పెట్టినాడు."

"కుక్కకా?"

కలీం ఎదురుగా ఉండి ఉంటే జుట్టు పట్టుకుని వంచి నాలుగు వేసేది. వాడు పకపకా నవ్వేవాడు.

"దాన్ని సూసి నేను తిట్టల్ల వాణ్ణి," అంది ఆమె. "నేను! నువ్వు సూసి తుడిచేసినావు గదరా."

తాజుద్దీన్ వైపు తిరిగి "చాచా" అనబోయింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆయన కోపం ఇంకా తగ్గలేదు.

దినేష్‌ను జీపెక్కించారు. నిలోఫర్ జీపు తలుపు పట్టుకుని నిలబడింది.

"మేడం, ఆ ఏరెట్లుండాది, కుక్క ఏ రంగు, కలీం దాన్ని యాడ నిలబెట్టినాడు, అంతా వీడితో చెప్పించండి. సూసినోడు వీడొక్కడే. ఒక్క మాట గూడా వదలొద్దు."

"వదలను," అంది మునీశ్వరి.