నక్షత్రం దగ్గర

"ఇలా ఇవ్వు అమ్మమ్మా, నీకు తెల్లారిపోతుంది!"

అమ్మమ్మ చేతిలోంచి సూది లాక్కుని, దారం కొస తడిచేసి, ఒక్క క్షణంలో ఎక్కించేసింది తూనీగ.

తూనీగకు అసలు పేరు వేరే ఉంది. అది స్కూలు రిజిస్టరులో హాయిగా నిద్రపోతోంది. ఒక్కచోట కాలు నిలవదు కాబట్టి అందరూ తూనీగ అనే పిలుస్తారు. పదేళ్ళొచ్చాయి గానీ మెట్లు ఒక్కొక్కటిగా దిగడం ఇంకా రాలేదు.

అమ్మమ్మ టైలరు. ముందుగదిలో కిటికీ పక్కన ఆమె మిషను ఉంటుంది. ఆ శనివారం మధ్యాహ్నం ఆమె బ్రౌను కాగితంలో చుట్టిన పార్సెల్ ఒకటి తీసి మనవరాలికి ఇచ్చింది.

"ప్రాక్టీసుకి వెళ్తున్నావుగా. ఇది మాస్టారి చేతిలో పెట్టు."

"ఏముంది ఇందులో?"

"ఏదో ఉందిలే. దారిలో విప్పకు."

"నువ్వు రావా?"

"ఇవాళ పనుంది తల్లీ" అంటూ అమ్మమ్మ అప్పటికే కుట్టేసిన జేబును మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. తూనీగ అది చూడలేదు. అప్పటికే వీధిలో ఉంది.

అమ్మమ్మా మనవరాలూ ఇద్దరూ చర్చి క్వయర్‌లో పాడతారు. నెలకో ఆదివారం ఎనిమిది గంటలకు అక్కడ రాత్రి ప్రార్థన జరుగుతుంది. లైట్లన్నీ ఆర్పేసి ఒక్క కొవ్వొత్తి వెలిగిస్తారు. పగలంతా పనిచేసి అలసిపోయినవాళ్ళు నిద్రకు ముందు వచ్చి కాసేపు కూర్చుంటారు. వాయిద్యాలు ఉండవు. క్వయర్ నెమ్మదిగా కీర్తనలు పాడుతుంది.

ఆ కీర్తనల్లో ప్రతి వరుస మధ్యలో చిన్న నక్షత్రం గుర్తు ఉంటుంది. అక్కడ అందరూ ఆగాలి. ఊపిరి తీసుకోవాలి. ఆ తరవాతే రెండో సగం అందుకోవాలి.

మూడు నెలలుగా ఆ రెండో సగాన్ని ఎత్తుకునే పని తూనీగది. ప్రాక్టీసులో మాస్టారి చెయ్యి చూసి బుద్ధిగానే ఆగుతుంది. ప్రార్థన రోజు మాత్రం కాగితాల దగ్గర పెట్టిన చిన్న బల్బులు తప్ప వెలుతురు ఉండదు. మాస్టారి చెయ్యి కనబడదు. అందరూ తూనీగ గొంతునే పట్టుకుని వెళ్ళాలి.

ఆమె మొదలుపెట్టగానే చర్చి అంతటా ఆమె గొంతు ఒక్కటే ఖంగున మోగుతుంది. ఆ ఒక్క క్షణం కోసం తూనీగ నెలంతా ఎదురుచూస్తుంది. అందుకే నక్షత్రం కనబడీ కనబడకముందే ఎత్తేసుకుంటుంది. మిగతావాళ్ళు ఆయాసపడుతూ వెంటపడతారు.

ప్రాక్టీసు గదిలో మాస్టారు కుర్చీలు సర్దుతున్నారు. పగలు ఆయన పోస్టాఫీసులో పనిచేస్తారు. వేళ్ళకు స్టాంపు సిరా ఎప్పుడూ ఉంటుంది.

"నీ ఫైలేదమ్మా?"

తూనీగ నాలుక కరుచుకుంది. హడావుడిలో ఇంట్లోనే వదిలేసింది. "మర్చిపోయాను మాస్టారూ. అమ్మమ్మ ఇది మీకిమ్మంది."

ఆయన పార్సెల్ విప్పారు. లోపల అమ్మమ్మ క్వయర్ గౌను, చక్కగా ఇస్త్రీ చేసి ఉంది. దానిమీద ఆమె పాటల ఫైలు, ఒక చీటీ. మాస్టారు చీటీ విప్పి చదివారు. తూనీగ తొంగిచూసింది.

"మాస్టారూ, ఇక నేను పాడలేను. గౌను ఎవరికైనా ఇవ్వండి. పొట్టిదైతే అంచు విప్పండి, రెండంగుళాలు లోపలికి మడిచి ఉంచాను."

తూనీగ చీటీ మళ్ళీ చదివింది. అమ్మమ్మ ముప్ఫై ఏళ్ళుగా పాడుతోంది. జ్వరమొచ్చినా ప్రార్థన మానేది కాదు.

"ప్రస్తుతానికి అమ్మమ్మ ఫైలు చూసి పాడు" అన్నారు మాస్టారు నెమ్మదిగా.

తూనీగ ఫైలు తెరిచింది. కాగితాల మీద పెన్సిల్ గీతలున్నాయి. మూడు నెలల కిందటి కాగితంలో, ప్రతి నక్షత్రం తరవాత ఒక మాట కొట్టేసి ఉంది. దాని తరవాతి నెల రెండు మాటలు. పోయిన నెలలో సగానికి సగం కొట్టివేతలే.

"ఇవేంటి?" అంది.

పక్కన సోడాబుడ్డి ఉన్నాడు. లావుపాటి కళ్ళద్దాల వల్ల వాడికా పేరొచ్చింది. ప్రార్థనలో అమ్మమ్మ పక్కన నిలబడేది వాడే.

"వదిలేసే మాటలు" అన్నాడు వాడు. "మీ అమ్మమ్మకి ఊపిరి అందేలోపే నువ్వు వెళ్ళిపోతావుగా. అందుకని కొన్ని వదిలేసి, తరవాత వచ్చి కలుస్తుంది. పోయినసారైతే ఉత్త పెదాలే ఆడించింది. నీకు చెప్పొద్దంది." ఒక్క క్షణం ఆగి, "అయ్యో, చెప్పేశాను!" అన్నాడు.

తూనీగకు ఇంటి మెట్లు గుర్తొచ్చాయి. అమ్మమ్మ మధ్యలో ఆగి చెప్పు సరిచేసుకునేది. చెప్పు వదులైందనుకునేది తూనీగ. రోజూ ఏ చెప్పు వదులవుతుంది? కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"మాస్టారూ, ఆ గౌను ఎవరికీ ఇవ్వకండి. తప్పు నాది. మీ చెయ్యి కనబడనప్పుడు నేను నక్షత్రాలు మింగేస్తున్నాను."

మాస్టారు ఆమె ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"నాకు వినబడుతూనే ఉందమ్మా. కొత్త కదా, సర్దుకుంటావులే అనుకున్నాను. చెప్పకపోవడం నా తప్పు."

"ఎంతసేపు ఆగాలి? మూడు లెక్కపెట్టనా?"

"అంకెలెందుకు? మీ అమ్మమ్మ ఎక్కడ నిలబడుతుంది?"

"నా వెనకే."

"అయితే విను." ఆయన పార్సెల్ మళ్ళీ కట్టి ఆమె చేతిలోనే పెట్టారు.

ఇంటికొచ్చేసరికి అమ్మమ్మ మిషను ముందే ఉంది. పార్సెల్ తిరిగి రావడం చూసి కళ్ళజోడు పైకి జరుపుకుంది.

"అమ్మమ్మా, నీ మాటలన్నీ నేనే తినేశాను" అంది తూనీగ. అంతే, బావురుమంది.

అమ్మమ్మ ఆమెను ఒళ్ళోకి లాక్కుంది. "పిచ్చితల్లీ, నీ గొంతు ఎంత బాగుంటుందని! ఒక్క ముసలిదాని కోసం నిన్ను ఆగమంటానా?"

"ఆగమను. నాకు కోపం రాదు. రేపు ప్రార్థనకి ఒక్కసారి రా. అప్పటికీ ఊపిరి అందకపోతే గౌను నేనే తీసుకెళ్ళి ఇచ్చేస్తాను."

అమ్మమ్మ సూది, దారం తీసుకుంది. దారం ఒకసారి తప్పింది. రెండోసారీ తప్పింది. తూనీగ తన చేతులు తొడల కింద పెట్టుకుని వాటిమీద కూర్చుంది. నాలుగోసారికి దారం ఎక్కింది.

అమ్మమ్మ మనవరాలి వంక వింతగా చూసింది. తరవాత లేచి పార్సెల్ విప్పింది.

"అటూ ఇటూ తిప్పి నలిపేశావు కదే" అంటూ గౌను బల్లమీద పరిచి ఇస్త్రీపెట్టె స్విచ్చి వేసింది.

ఆదివారం లైట్లు ఆరిపోయాయి. కొవ్వొత్తి వెలిగింది. చర్చి నిండా మనుషులున్నా చిన్న అలికిడి లేదు. క్వయర్ మొదటి సగం పాడింది.

"పొద్దు వాలింది దేవా..."

నక్షత్రం వచ్చింది.

తూనీగ నోరు అలవాటుగా తెరుచుకుంది. గబుక్కున మూసేసింది. ఎక్కడో బెంచీ కిర్రుమంది. అందరూ తను మర్చిపోయిందనుకుంటున్నారేమో! చెవులు వేడెక్కాయి. అయినా ఆగింది.

వెనక నుంచి ఊపిరి వినబడింది. కాస్త గురగురమంటూ, మెల్లగా, లోపలికి, ఇంకా లోపలికి వెళ్ళింది. పూర్తిగా నిండింది.

అప్పుడు ఎత్తుకుంది తూనీగ.

"...మా గుమ్మంలో నువ్వుండు."

మొదటి మాట నుంచే, ఒక్కటీ వదలకుండా, అమ్మమ్మ గొంతు వచ్చి కలిసింది. ఆ రెండు గొంతుల్లో తన గొంతు ఏదో తూనీగకే సరిగ్గా తెలియలేదు. అయినా ఎంతో బాగుంది.

తరవాతి వరుస వచ్చింది. మళ్ళీ నక్షత్రం.

తూనీగ ఆగింది.