గడియారం కింది బల్ల

అతని దగ్గర మొదట ఉన్నది ఆరు లక్షల నలభై వేలు. అందులో రెండు లక్షలు తనవి, మిగతావి అక్కవి. ఆ డబ్బుకి బజార్లో ఒక మంచి బట్టలకొట్టు కూడా రాదు. కానీ పాత రైల్వే స్టేషను మొత్తం లీజుకి వచ్చింది. రెండు ప్లాట్‌ఫారాలు, టికెట్ గది, పార్సిల్ గది, పడవని బోర్లించినట్టు వంగిన కప్పుతో పెద్ద వెయిటింగ్ హాలు... అన్నీ కలిపి.

అంత చవగ్గా ఎందుకొచ్చిందంటే — ఆ హాల్లో, గడియారం కింద, ఒక బల్ల ఉంది.

చీకటి పడ్డాక దాని మీద కూర్చుంటే చెవి పక్కనే ఎవరో ఆడమనిషి ఏడుస్తుందట. తల తిప్పితే ఎవరూ ఉండరు. లేచి ఒక్క అడుగు పక్కకి వేస్తే ఏడుపూ ఉండదు. మళ్లీ కూర్చుంటే... మళ్లీ అక్కడే, వెక్కుతూ. స్టేషన్ మాస్టరు రెండో పెళ్లామని కొందరు, బండి తప్పిపోయిన పెళ్లికూతురని కొందరు. ఎవరి దెయ్యం వాళ్లది. రైళ్లు ఆగిపోయి ఏళ్లయినా బల్ల చెడ్డపేరు మాత్రం ఆగలేదు. లీజుకి పిలిస్తే ముందుకొచ్చిన మొనగాడు అతనొక్కడే.

చిన్నప్పటి నుంచీ అతన్ని అందరూ లెక్కలోడనే పిలిచేవాళ్లు. ఇరవై నాలుగేళ్లకే ఆ పాత స్టేషన్లో పిల్లల కోసం, వాళ్ల అమ్మానాన్నల కోసం సైన్సు మ్యూజియం పెడతానని బయల్దేరాడు. నవ్వనివాళ్లు లేరు... అక్క తప్ప.

అక్క తన రెండు గదుల ఇల్లు అమ్మేసి డబ్బు చేతిలో పెట్టింది. "మహా అయితే ఇల్లే కదరా పోయేది. ఇంట్లో ఉండాల్సింది ఎలాగూ పోయింది," అంది.

ఆమె కూతురు ఏడేళ్ల పిల్ల. రెండేళ్ల క్రితం జ్వరంతో ఆస్పత్రిలో పోయింది. ఆ తర్వాత బావ దూరంగా ఎక్కడో పని చూసుకున్నాడు. ఫోన్లు వారానికొకటి అయ్యాయి, నెలకొకటి అయ్యాయి, ఆగిపోయాయి. ఇంత జరిగినా అక్క కంట నీటిచుక్క ఎవరూ చూడలేదు. రాయి, అన్నారు చుట్టాలు.

ఆ రాయి టికెట్ కిటికీలో కూర్చుంది.

మ్యూజియం బాగానే కుదిరింది. పార్సిళ్లు తూచే కాటా ఎక్కితే చందమామ మీద మన బరువెంతో చెబుతుంది. లావుపాటి నాన్నలకి అదంటే మహా ఇష్టం. ఆరేళ్ల పిల్ల కప్పీల తాడు లాగితే వాళ్ల నాన్న కుర్చీతో సహా గాల్లోకి లేస్తాడు. చూసినవాళ్లు బాగుందన్నారు. బాగుందన్నవాళ్లు మళ్లీ రాలేదు.

మున్సిపాలిటీ షరతు ఒకటే. మొదటి ఏడాది సగటున రోజుకి తొంభై మంది రావాలి. వస్తే లీజు పదేళ్లు. రాకపోతే తాళం వాళ్లది, లోపల పెట్టిన సామానూ వాళ్లదే. అంటే... అక్క ఇల్లు గోవిందా.

నాలుగో నెలకి సగటు నలభై ఒకటి.

అప్పుడొచ్చాడు కాపలా తాత. రైళ్లు తిరిగే రోజుల నుంచీ అక్కడే కాపలా. చుట్టూ చూసి, గొంతు తగ్గించి —

"బాబూ... పొద్దుపోయాక ఆ బల్ల వైపు పిల్లల్ని పోనివ్వకండి."

"ఏం తాతా, కరుస్తుందా?"

"మళ్లీ మొదలైంది."

"ఏది?"

"ఇన్నేళ్లూ లేదు. మూతబడ్డాక ఒక్కనాడూ వినలేదు నేను. మీరొచ్చాకే..." 

లెక్కలోడు నవ్వేశాడు. నవ్వాడు గానీ, ఆ సాయంత్రం మ్యూజియం మూసి, దీపాలన్నీ ఆర్పి, వెళ్లి ఆ బల్ల మీద కూర్చున్నాడు. సైన్సు మ్యూజియం పెట్టినవాడు దెయ్యానికి జడిస్తే ఊరంతా నవ్వదూ?

హాలు నల్లగా ఉంది. పైన కప్పు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియడం లేదు. కిటికీ అద్దాల్లోంచి వీధిదీపం వెలుగు కాస్త జారి నేల మీద పడింది. గడియారం ఏనాడో ఆగిపోయింది, టిక్కుమనదు. తన ఊపిరే తనకి వినిపిస్తోంది. కాసేపు... ఇంకాసేపు... ఏమీ లేదు. లేచి పోదామనుకున్నాడు.

అప్పుడు — ఎడమ చెవిలో — ఎవరో ముక్కు ఎగబీల్చారు.

కదల్లేదు అతను. కదల్లేకపోయాడు. ఒక సన్నటి మూలుగు, గుడ్డ అడ్డం పెట్టుకుని నొక్కినట్టు. ఆగింది. మళ్లీ. ఈసారి వెక్కు... దాని వెనకాల ఇంకో వెక్కు. పెదాలు చెవికి ఆనించి ఏడుస్తున్నంత దగ్గర. చెయ్యి చాపితే తగలాలి. చాపాడు. తగల్లేదు.

ఒక్క గెంతులో లేచి పక్కకి జరిగాడు. నిశ్శబ్దం.

ఎలా బయటపడ్డాడో తెలియదు. తాత గదిలోకి వెళ్లి వేడి టీ ఒక్క గుక్కలో తాగేశాడు.  తాత ఇంకో గ్లాసు పోశాడు.

తెల్లారాక భయం పోయింది, పౌరుషం మిగిలింది. అక్క ఇంకా రాకముందే టిక్కుటిక్కుమనే అలారం గడియారం ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. చెవులు రిక్కించుకుని హాలంతా మూలమూలా తిరిగాడు. నాలుగడుగులు పోగానే టిక్కు వినపడ్డం మానేసింది. హాలు ఆ చివరి దాకా వెళ్లాడు. పార్సిల్ గదికి చెక్క అడ్డు ఉంది, మనిషెత్తు దాటి ఉండదు, పైన ఖాళీ. దాని వెనక్కి వెళ్లాడో లేదో — చెవిలో టిక్, టిక్, టిక్. జేబులో పెట్టుకున్నంత దగ్గరగా.

తల ఎత్తి చూశాడు. బోర్లించిన పడవలాంటి కప్పు. ఈ మూల పుట్టిన చప్పుడు పైకి పోయి, వంపంతా తగిలి, చెదరకుండా పోగై, ఆ మూల ఒక్కచోటే దిగుతుంది. గరిట వంపులో దీపం వెలుగు ఒక్కచోట చేరినట్టు. అంతే! ఈ మూల గుమ్మం పక్కనే, స్తంభం చాటున ఉంది. కావాల్సినవాళ్లని బండెక్కించి పంపేశాక, నలుగురికీ కనపడకుండా కళ్లు తుడుచుకోవాలంటే ఎవరైనా ఇక్కడికే వస్తారు. తరాల తరబడి వచ్చి ఉంటారు. ఆ కన్నీళ్లన్నీ అవతల బల్ల మీద దెయ్యమై కూర్చున్నాయి.

రైళ్లు పోయాయి, దెయ్యమూ పోయింది. మరి నిన్న ఏడ్చిందెవరు?

అప్పుడు కిందికి చూశాడు. పొట్టి పీట. పక్కన అక్క ఫ్లాస్కు. మేకుకి ఆరేసిన, గట్టిగా పిండిన చేతిరుమాలు.

దుకాణం కట్టేశాక రోజూ "నువ్వు వెళ్లు, నేను చిల్లర సర్దుకొని వస్తా," అనేది అక్క. పక్కన నిలబడినా వినపడనంత మెల్లగా, ఇక్కడ, రోజూ.

ఆ పొద్దున అతను చాలాసేపు ఆ పీట మీద కూర్చున్నాడు. గుండె ఒక లెక్క వేసింది, వేళ్లు ఇంకో లెక్క వేశాయి. వేళ్ల లెక్క త్వరగా తేలింది.

వారం తిరిగేసరికి గేటు దగ్గర బోర్డు పడింది. 'గడియారం కింది బల్ల. సాయంత్రం ఎనిమిది కుటుంబాలకే. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. స్పీకరు ఉందని చూపిస్తే టికెట్టుకి పదింతలు వాపసు. అది ఏమిటో మీరే కనుక్కోండి.'

జనం ఎగబడ్డారు. బల్ల వంతు కావాలంటే ముందు పగటి టికెట్టు కొనాలి. పగలు వచ్చినవాళ్లు కాటా ఎక్కారు, కప్పీలు లాగారు, పిల్లలు ఇంటికి రామని ఏడ్చారు. బల్ల కింద పాకినవాళ్లు, గడియారం విప్పిచూస్తామన్నవాళ్లు, గోడకి చెవి ఆనించినవాళ్లు. సగటు అరవై దాటింది, డెబ్బై దాటింది.

అక్కకి మాత్రం ఏమీ తెలియదు. ఆ చివర తమ్ముడేదో మిషను పెట్టాడనుకుంది. జనం వరసలో నోరు మెదపకుండా నిలబడేవాళ్లు, చీకట్లో. ఇక్కడ ఎవరున్నారని ఎవరికి తెలుసు? అక్క రోజూలాగే పీట మీద కూర్చునేది.

"ఒరేయ్, నీ దెయ్యం నా కిటికీ కంటే ఎక్కువ సంపాదిస్తోందే," అంది ఒకరోజు. "జీతం ఇస్తున్నావా, ఊరికే చాకిరీ చేయించుకుంటున్నావా?"

"ఇస్తాలే అక్కా, చివర్లో అంతా కలిపి."

"పాపం, అదెప్పుడూ ఆడదే ఎందుకవుతుందో."

అతను నవ్వాడు. నవ్వడం అలవాటైంది.

ఒక్కసారి మాత్రం నవ్వు రాలేదు. ఒక చిన్నపిల్ల బల్ల దిగి వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని అడిగింది, "ఆవిడ్ని ఎవరూ ఊరుకోబెట్టరా అమ్మా?"

"అది మిషనమ్మా," అన్నాడు అతనే. పిల్ల అతని వంక అదోలా చూసింది.

పదకొండో నెల వచ్చేసరికి దెయ్యానికి జబ్బు చేసింది. జబ్బంటే... బాగుపడింది.

బావ ఫోన్ చేశాడు. మళ్లీ చేశాడు. అక్క కప్పీల దగ్గర పిల్లల్ని నవ్వించడం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం బల్ల మీంచి లేచొచ్చిన పెద్దాయన కళ్లెర్రజేశాడు. "ఏమయ్యా, మీ దెయ్యం కూనిరాగం తీస్తోందేమిటి? పాట వినడానికి మా ఇంట్లో రేడియో లేదా?"

నిజమే. చెక్క అడ్డు వెనక అక్క కప్పీలకి నూనె రాస్తూ పాడుకుంటోంది.

మరునాడూ అంతే. ఆ మరునాడూ. లెక్కలోడు తాత భార్యని కూర్చోబెట్టి ఏడవమన్నాడు. ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. తనే వెళ్లి ఏడ్చాడు. "ఎవరికో దగ్గు పట్టింది," అన్నారు పిల్లలు. ఉచితంగా మళ్లీ రమ్మని చీటీలు ఇచ్చీ ఇచ్చీ చేతులు నొప్పెట్టాయి. వరస పలచబడింది. ఏడాది నిండే రోజుకి సగటు ఎనభై ఎనిమిది.

రెండు తక్కువ.

మున్సిపాలిటీ కమిటీ పెద్దావిడ ఆ సాయంత్రమే వచ్చింది, మనవరాలిని వెంటేసుకుని. చేతిలో లీజు కాగితాలు.

"చూడబ్బాయ్, ఇద్దరి తేడాకి నేను పట్టుబట్టను. చూసీచూడనట్టు పోతాను," అంది. "కానీ ఈ పిల్ల నెల నుంచి నా ప్రాణం తోడేస్తోంది. ముందు ఆ బల్ల వినిపించు. ఏమీ లేకపోతే, లేని దాన్ని చెప్పి ఊరిని మోసం చేశావని రాయాల్సి వస్తుంది."

"వినిపిస్తుందండీ. దీపాలు ఆర్పనివ్వండి."

వాళ్లని గడియారం కింద కూర్చోబెట్టాడు. తాతని దీపాలు ఆర్పమన్నాడు. హాలు నల్లబడింది. గోడ పట్టుకుని, అడుగుల చప్పుడు కాకుండా, ఆ చివరికి నడిచాడు. తలుపు సందులోంచి సన్నటి వెలుగు. సన్నటి కూనిరాగం.

లోపలికి జరిగాడు. పీటకి దూరంగా, గోడవారన కప్పీలకి నూనె రాస్తున్న అక్క తలెత్తింది. చిన్న దీపం వెలుగులో ఆమె మొహం కొత్తగా ఉంది.

"మంచి సమయానికొచ్చావు," అంది గుసగుసగా. "ఆదివారం మీ బావ వస్తున్నాడురా. ఇద్దరికీ సరిపోయే గది చూడమన్నాడు." ఆగింది. "నీకొకటి చెప్పనా? పాప పోయిన రాత్రి నేను బట్టలు తేవడానికి ఇంటికెళ్లి ఉండకపోతే అని ఇన్నేళ్లూ చచ్చాను. నువ్వన్న ఆ ఒక్క మాటే నన్ను నిలబెట్టింది. నిద్రలోనే పోయింది, ఎవర్నీ అడగలేదు అన్నావే... అది పట్టుకునే లేచాను."

ఆస్పత్రిలో ఆ రాత్రి పిల్ల దగ్గర ఉన్నది అతనొక్కడే.

పిల్ల నిద్రపోలేదు. తలుపు వైపే చూస్తూ ఉంది. అమ్మ వచ్చిందా అని అడిగింది. మళ్లీ అడిగింది. గొంతు పెగలకపోయినా పెదాలతో అడిగింది. తెల్లారి అక్కని చూశాక అతని నోటికి ఆ అబద్ధం దానంతట అదే వచ్చింది. జీవితంలో లెక్క వేయకుండా అతను చేసిన పని అదొక్కటే.

ఇప్పుడు లెక్క వేశాడు. ఆ నిజం ఒక్క సాయంత్రానికి సరిపోయే మాట కాదు. లీజు పదేళ్లు. పదేళ్లకూ సరిపోతుంది. ఆమె ఇల్లు ఆమెకి తిరిగొస్తుంది... ఆమె కోసమే కదా.

"ఏమిట్రా, అలా నిలబడ్డావు? చెప్పు," అని అక్క నవ్వుతూనే వెళ్లి పీట మీద కూర్చుంది.

తన మాట అవతలికి వినపడకూడదు. ఆమె గొంతే వినపడాలి. పీట పక్కన ఎంత కిందికి వంగి, ఎంత మెల్లగా చెబితే చప్పుడు కప్పుకి అందదో అతనికి తెలుసు. ఆమె పక్కకి వచ్చాడు.

చీకట్లో, హాలు ఆ చివర, పెద్దావిడ మనవరాలిని 'ష్' అంది. వాళ్ల రెండు నిమిషాలు మొదలయ్యాయి.

అతను వంగి, అక్క చెవి దగ్గర నోరు పెట్టాడు.