ఎనభై ఏడు పీడీఎఫ్‌లు

అక్టోబర్ 9, గురువారం. ఉదయం 10.20. పెనుకొండ పోలీస్ స్టేషన్.

పోయింది బంగారం కాదు. ఎనభై ఏడు పీడీఎఫ్ ఫైళ్లు. కానిస్టేబుళ్లు నవ్వుకున్నారు. సబ్ ఇన్‌స్పెక్టర్ ప్రమోద నవ్వలేదు.

ఎదురుగా కూర్చున్న గౌరి కళ్లు వాచి ఉన్నాయి. ధర్మవరం నేతగాడు కుళ్ళాయప్ప కూతురు. పట్టుచీరల అంచుల మీద ఆరేళ్లుగా పీహెచ్‌డీ చేస్తోంది. నిన్న సాయంత్రం ఫిర్యాదు ఇచ్చింది.

"మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోలేవా?"

"నెట్‌లో దొరికేవి కాదు మేడమ్. నేతగాళ్ల ఇండ్లల్లో పాత డిజైన్ పుస్తకాలు. నేనే ఫోన్‌తో స్కాన్ చేసుకున్నా. వాళ్లల్లో పుట్టమ్మ అవ్వ ఒకామె. ఆమె పోయినాక ఆ పుస్తకాలు పొయ్యిలో పెట్టేసినారు."

"గడువు?"

"ఈ పొద్దు నాలుగ్గంటలు. లేని పుస్తకాలు ఉన్నట్టు రాసినానని ఎగ్జామినర్ అంటున్నాడు. ఫైళ్లు అప్‌లోడ్ చేయకుంటే రిజిస్ట్రేషన్ రద్దు. నా ఆరేళ్లు మట్టిలో కలిసిపోతాయి మేడమ్."

"ఫోన్‌లో కాపీలు?"

"ఫోన్ నిండిపోతాందని ఎప్పటికప్పుడు తీసేసినా."

ఫిర్యాదులో ఒకే పేరుంది. సంతోష్. హిందూపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్. గౌరికి ఫైళ్లు సర్దే చిన్న కంప్యూటర్ ప్రోగ్రాం, స్క్రిప్ట్, రాసిచ్చింది అతనే. ఆమె స్కాన్ చేసిన ఫైలును ల్యాప్‌టాప్‌లోని ఒక ఫోల్డర్‌లో వేస్తే చాలు. స్క్రిప్ట్ దాని వివరాలు చదివి, పుస్తకాల జాబితా ఉంచే రిఫరెన్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీ రాసి, ఫైలును పక్కనున్న పెద్ద హార్డ్‌డిస్క్‌లోకి మార్చేస్తుంది. ఎంట్రీలన్నీ ఉన్నాయి. ఎనభై ఏడింటి మీద నొక్కితే మాత్రం ఫైల్ లేదంటోంది.

పొద్దున తొమ్మిదింటికి సంతోష్‌ను కాలేజీ నుంచే జీపులో తెచ్చారు. పక్క గదిలో బెంచీ మీద ఉన్నాడు. ప్రమోద వెళ్లి అతని ఎదురుగా నిలబడింది.

"తీసినావా?"

"లేదు మేడమ్."

"పాస్‌వర్డ్ తెలుసు కదా?"

"తెలుసు. ఆ ల్యాప్‌టాప్‌లో అంతా పెట్టింది నేనే."

"థీసిస్‌లో నీ పేరు వేయమని కొట్లాడినావంట."

"అడిగినా. వేయనన్నది. ఊరుకున్నా."

"స్క్రిప్ట్‌లో తప్పుందేమో?"

"డిస్క్ ఉండాదో లేదో చూసే లైను ఒకటి రాయలేదు. ఇరవై నాలుగ్గంటలూ కరెంటులోనే ఉంటాదని గౌరి చెప్పింది. అవసరం లేదనుకున్నా."

అతని ఫోన్ మోగింది. కాలేజీ ప్రిన్సిపాల్. రేపట్నుంచి రావద్దన్నాడు. సంతోష్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఇతని మొహంలో దొంగ లేడనిపించింది ప్రమోదకు. కానీ మొహాలు చూసి కేసులు తేల్చే అలవాటు ఆమెకు లేదు.

మధ్యాహ్నం 2.35. ధర్మవరం.

కుళ్ళాయప్ప ఇంటి వెనక షెడ్డులో మగ్గం. దానికి మోటారు. మూలన గౌరి టేబుల్, ల్యాప్‌టాప్, హార్డ్‌డిస్క్. డిస్క్ మీద నీలం లైటు వెలుగుతోంది.

"నాయనా, నువ్వేమన్నా ముట్టినావా?" అడిగింది గౌరి. "మన డిజైన్లు బయటికి పోతాయని గొణుగుతాంటివి కదా."

కుళ్ళాయప్ప పోగు నడిపే నాడె కింద పెట్టాడు. "నీ టేబుల్ మీద దుమ్ము కూడా తుడవను పాపా. నన్నడుగుతాండావా?"

గౌరి గడియారం చూసింది. గంటన్నర కూడా లేదు. ఎవరిని అనుమానిస్తున్నదో ఆమెకే తెలియడం లేదు.

"పోయిన ఫైళ్లు ఏ తేదీల్లో వేసినావో చూపించు," అంది ప్రమోద.

నాలుగే తేదీలు. జూన్ 25. జూలై 24. ఆగస్టు 23. సెప్టెంబర్ 21.

ప్రమోద వేళ్ల మీద లెక్కేసింది. ఇరవై తొమ్మిది రోజులు. ముప్ఫై. మళ్లీ ఇరవై తొమ్మిది. దొంగలకు ఇంత క్రమశిక్షణ ఎక్కడిది? గోడకున్న క్యాలెండర్ దగ్గరికెళ్లి పేజీలు వెనక్కి తిప్పింది. నాలుగు తేదీల మీదా నల్లటి చుక్క.

"అప్పా, అమావాస్య నాడు నేస్తావా?"

"ఆ పొద్దు మగ్గం ముట్టమమ్మా. షెడ్డుకు కరెంటు మెయిన్ స్విచ్చి దించేస్తా. సాయంత్రం దీపం పెట్టినాకే ఎత్తేది."

"ఈ మూల ప్లగ్గు?"

"అదీ ఆ మెయిన్ మీదనే."

ప్రమోద గౌరి వైపు తిరిగింది. "ఆ రోజుల్లోనే ఎందుకు అన్ని స్కాన్ చేసినావు?"

"నేతగాళ్లు తీరిగ్గా దొరికేది అమావాస్య నాడే మేడమ్. మధ్యాహ్నం వచ్చి ఫైళ్లు వేసేదాన్ని. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద..."

ఆమె డిస్క్ వైపు చూసింది.

"డిస్క్ ఆరిపోయినా దాని పేరున్న ఫోల్డర్ ల్యాప్‌టాప్‌లో ఖాళీగా ఉంటుంది," అంది ప్రమోద. "డిస్క్ ఉందో లేదో చూసే లైను సంతోష్ రాయలేదు కదా, స్క్రిప్ట్ ఫైళ్లు అందులోనే వేసింది. కరెంటు వచ్చాక డిస్క్ దాని మీద చాప పరిచినట్టు పరుచుకుంది. కింద ఉన్నది కనబడదు. వెతికిన ప్రతిసారీ చాప మీదే వెతికినావు. అప్పా, మెయిన్ దించు."

"ఈ పొద్దు గురువారమమ్మా, నేత మధ్యలో..."

"దించు నాయనా," అంది గౌరి.

మోటారు ఆగింది. నీలం లైటు ఆరింది. గౌరి అదే ఫోల్డర్ మళ్లీ తెరిచింది. తొందరలో రెండుసార్లు తప్పు నొక్కింది.

మొదటి ఫైలు పుట్టమ్మ అవ్వ పుస్తకం. లెక్కపెట్టింది. ఎనభై ఏడు.

3.47కి అప్‌లోడ్ పూర్తయింది. గౌరి ఏడ్చింది. తర్వాత స్టేషన్‌లో ఉన్న సంతోష్‌కు ఫోన్ చేసింది.

"దొరికినాయా?" సంతోష్ మొదట అడిగింది అదే.

"దొరికినాయి. కరెంటులోనే ఉంటాదని చెప్పింది నేను. అమావాస్య సంగతి మరిచిపోయిన నేతోళ్ల బిడ్డను నేనే. తప్పు నాది."

"పోనీలే. కాలేజీలో నా సామాన్లు అట్టపెట్టెలో సర్ది గేటు కాడ పెట్టినారంట. పోయి తెచ్చుకోవాల."

కుళ్ళాయప్ప మెయిన్ ఎత్తబోయాడు. గౌరి చేత్తో ఆపింది. నాలుగు దాకా థీసిస్ మార్చుకోవచ్చు. కృతజ్ఞతల పేజీ తెరిచింది. గైడ్ పేరుకు పైన సంతోష్ పేరు టైప్ చేసింది. 3.56కి మళ్లీ పంపింది.

"మేడమ్, ఇప్పుడు బయల్దేరితే ప్రిన్సిపాల్ ఉంటాడా?"

"ఐదున్నర దాకా ఉంటాడు. ఏం చెప్తావు?"

"చెప్పేది కాదు. తప్పు నాదని రాసిస్తా."

జీపు హిందూపురం దారి పట్టింది. అట్టపెట్టె ఇంకా గేటు దగ్గరే ఉంది.