పదింటి పూలు

"తాతయ్యా, విచ్చాయి! అన్నీ విచ్చాయి!"

బాల్కనీలోంచి వచ్చిన ఆ కేకకి తాతయ్య చేతిలో పేపరు జారిపోయింది. అంత కేక వేసేది ఆ ఇంట్లో మనవరాలొక్కతే. దానికి కాలు ఒకచోట నిలవదు. ఒక చెప్పు వేసుకుంటూనే గుమ్మం దాటేస్తుంది. అడిగేవాళ్లు అడగడం పూర్తిచేయకముందే జవాబు చెప్పేస్తుంది. అందుకే తాతయ్య దానికి 'గడబిడ' అని పేరు పెట్టాడు. అసలు పేరు స్కూల్లో హాజరు వేసేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తు రాదు.

కుండీ నిండా గడ్డి గులాబీలు. టేబుల్ రోజా అంటారే, అవే. నేలబారుగా పాకే మెత్తటి కాడలు, కాడ చివర గులాబీ రంగు పువ్వు. వాటికి ఎండంటే ప్రాణం. ఎండ బాగా ఎక్కాక, పదింటి ప్రాంతంలో విచ్చుకుంటాయి. మధ్యాహ్నం దాటితే ముడుచుకుపోతాయి. ఒక పువ్వు ఒక్క పూటే. రేపు విచ్చేది ఇంకో మొగ్గ.

చిక్కంతా అక్కడే వచ్చింది. గడబిడ వాళ్ల అమ్మ కర్టెన్లు కుట్టే చోట పనిచేస్తుంది. ఎనిమిదింటికే వెళ్లిపోతుంది, చీకటి పడ్డాక వస్తుంది. పక్కింటావిడ తుంచి పారేసిన కాడని తెచ్చి మట్టిలో గుచ్చింది అమ్మే. "దీన్ని ఎక్కడ గుచ్చితే అక్కడ బతికేస్తుందే" అని మురిసిపోయిందీ అమ్మే. కానీ దాని పువ్వు ఇంతవరకూ చూడనిది కూడా అమ్మే!

మరి ఆదివారం చూడొచ్చుగా అంటారేమో. పోయిన ఆదివారం మబ్బు పట్టింది. మబ్బు పడితే ఈ పూలు మొహం చూపించవు. ఈ ఆదివారమేమో ఆర్డర్లు ఎక్కువున్నాయని అమ్మని పనిలోకి రమ్మన్నారు.

గడబిడకి సెలవులు. పగలంతా ఇంట్లోనే ఉంటుంది. కానీ పగటిపూట అమ్మ ఉండదు. ఈమధ్య అమ్మని ఎప్పుడూ లైటు వెలుగులోనే చూస్తోంది. పూలు విచ్చినప్పుడల్లా అమ్మ మీద బెంగ ఎక్కువైపోతోంది.

"తాతయ్యా, కుండీ పట్టుకెళ్లి అమ్మకి చూపించనా?"

"సాయంత్రం వస్తుంది కదే."

"సాయంత్రానికి పూలు ముడుచుకుపోతాయి. ఆలస్యం అమృతం విషం అని నువ్వే చెప్పావు!"

"నేను చెప్పినవాటిలో నీకు పనికొచ్చేదొక్కటే గుర్తుంటుంది" అని తాతయ్య నవ్వి, మళ్లీ పేపరు మొహం మీద కప్పుకున్నాడు. దాన్నే గడబిడ 'సరే' అనుకుంది.

గాలికి పూలు రాలిపోతాయేమోనని కుండీని పాత స్కూల్ బ్యాగులో పెట్టింది. జిప్పు పూర్తిగా లాగేసింది. మూడు వీధుల అవతలే అమ్మ పనిచేసే చోటు. దారి పొడవునా పరుగే. బ్యాగు ఇటూ అటూ ఊగింది. గేటు దగ్గర మెట్లకి కాలు తగిలి ధబ్బున పడింది. మోకాలు చెక్కుకుపోయింది. అయినా బ్యాగుని మాత్రం వదల్లేదు.

"ఎవరు కావాలమ్మా?" అని వాచ్‌మన్ లేచాడు.

"మా అమ్మ."

"పదిన్నర టీ టైము దాకా ఎవరినీ పిలవకూడదే. అలా నీడలో కూర్చో."

గడబిడ మెట్ల కింద బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లోపల కుట్టుమిషన్లు గరగరలాడుతున్నాయి. వాటిలో అమ్మ మిషను ఏదో పోల్చుకోవాలని చెవులు రిక్కించింది. అన్నీ ఒకేలా మోగాయి.

చివరికి గంట కొట్టారు. అమ్మ బయటికొచ్చింది. జుట్టులో దారం ముక్కలు చిక్కుకుని ఉన్నాయి.

"ఏంటే, నువ్వా! ఏమైంది? తాతయ్య బాగున్నారా?"

"బాగున్నాడు. నువ్వు కళ్లు మూసుకో!"

అమ్మ కంగారు తగ్గక, ఒక కన్ను మాత్రమే మూసుకుంది. గడబిడ జిప్పు లాగింది.

కుండీ రెండు ముక్కలైంది. మట్టి అంతా బ్యాగులో ఒలికిపోయింది. కాడలు విరిగిపోయాయి. పూలన్నీ చీకట్లో నలిగి, ముడుచుకుపోయి ఉన్నాయి.

"ఇందాక విచ్చాయమ్మా! నిజంగా! చూడు, ఇలా ఉంటుంది…" అంటూ గడబిడ ఒక పువ్వుని గోటితో విప్పబోయింది. రేకు చిరిగి వేలికి అంటుకుంది. ఇంకోటి విప్పబోయింది. అదీ చిరిగింది.

అమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. "వద్దమ్మా. మనం విప్పితే విచ్చేవి కావు అవి."

అంతే, అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. "నీకు చూపించాలనే… నువ్వెప్పుడూ ఉండవు కదా!"

అమ్మ కిందికి వంగింది. కొంగుతో కూతురి మోకాలు తుడిచింది. "నాకూ చూడాలనే ఉందే. మిషను తొక్కుతుంటే పదింటికి మన బాల్కనీయే గుర్తొస్తుంది" అంది.

మళ్లీ గంట కొట్టారు. "తిన్నగా ఇంటికెళ్లు. పరిగెత్తకు" అని అమ్మ వెనక్కి తిరిగి చూస్తూనే లోపలికి వెళ్లింది.

గడబిడ బ్యాగు మూయబోయి ఆగింది. ఎక్కడ గుచ్చితే అక్కడ బతికేస్తుందే. అమ్మ మాట.

చుట్టూ చూసింది. కిటికీ కింద, ఎండ నిండుగా పడేచోట, అడుగు చిల్లుపడిన బకెట్టు ఒకటి ఉంది. అందులో మట్టీ, ఎప్పుడో ఎండిపోయిన మొక్క మోడూ.

"అంకుల్, ఇందులో ఇవి గుచ్చనా?"

"గుచ్చుకో తల్లీ. అదెలాగూ ఖాళీయే."

గడబిడ మోడు పీకేసింది. మట్టి గుల్ల చేసింది. విరిగిన కాడల్ని ఒక్కొక్కటే, వేలితో గుంట చేసి మరీ గుచ్చింది. జీవితంలో మొదటిసారి ఒక పని తాపీగా చేసింది. రెండు కాడలు మాత్రం ఇంట్లో ఇంకో కుండీలో గుచ్చడానికి దాచుకుంది.

"నీళ్లు నేను పోస్తాలే" అన్నాడు వాచ్‌మన్.

"కొంచెమే పొయ్యండి. ఎక్కువైతే కుళ్లిపోతాయి."

ఆ రోజునుంచి గడబిడ రోజూ సాయంత్రం గుమ్మంలోనే అమ్మని పట్టుకునేది. "విచ్చాయా?"

"కాడలు వాడిపోయాయే" అంది అమ్మ మొదట్లో. తరవాత, "నిలబడ్డాయి." ఆ తరవాత, "చిగురేశాయి." వెళ్లి చూసొస్తానని గడబిడ ఎంత గింజుకున్నా తాతయ్య కదలనివ్వలేదు. ఎదురుచూడటం ఇంత కష్టమని దానికి ఎవరూ చెప్పలేదు!

ఒక సాయంత్రం అమ్మ మెట్ల మీదినుంచే కేక పెట్టింది. చెప్పులు విప్పకుండానే లోపలికొచ్చేసింది. "ఏయ్ గడబిడా! ఇవాళ టీ టైములో చూశాను! లేత గులాబీ రంగు! మధ్యలో పసుపు! మా వాళ్లందరూ టీ గ్లాసులు పట్టుకుని దాని చుట్టూనే…"

ఆ రంగు గడబిడకి తెలుసు. పసుపు మధ్యలో ఉంటుందనీ తెలుసు. అయినా మధ్యలో అందుకోలేదు. అమ్మ చెప్పడం పూర్తయ్యేదాకా ఆ మొహంలోకే చూస్తూ కూర్చుంది.

సెలవులు అయిపోయాయి. గడబిడ ఇంటి కుండీలోంచి ఒక కాడ తుంచి, కాగితం కప్పులో నాటి, క్లాసు కిటికీలో పెట్టింది. కొన్నాళ్లకి దానికీ మొగ్గ వచ్చింది. ఒక పొద్దున ఆ మొగ్గ కొస కొంచెం విడింది.

పక్క బెంచీ పిల్ల ఆగలేక వేలు చాపింది. "నేను విప్పెయ్యనా?"

గడబిడ ఆ చెయ్యి మెల్లగా పట్టుకుంది. "ఆగు. పది కానీ."

"పదింటికి ఏమవుతుంది?"

"దానంతటదే విచ్చుకుంటుంది" అంది గడబిడ, కిటికీలో పాకుతున్న ఎండని చూస్తూ. "టీ టైములో అక్కడ బకెట్లో పూలని మా అమ్మ కూడా చూస్తుంది."