సగం ఊపిరి పటం

ఆరో మనిషి ఊపిరితిత్తుల్లోంచి పరీక్ష చేసే సన్నటి నాళిక బయటికి వచ్చేసరికి డాక్టర్ సుభాషిణి కుడికాలు మొద్దుబారింది. ఇరవయ్యేళ్లు నేర్చుకున్న వైద్యమంతా ఇప్పుడా పాదంలోకి దిగింది. ఊపిరి గొట్టాల్లో దారి వెతికేది సారథి అనే యంత్రం, సూది పొడిచేది సారథి, ఫలితం చెప్పేదీ సారథే. యంత్రం చెప్పింది మనిషి ఒప్పుకుంటే తప్ప చెల్లదని చట్టం ఉంది కనుక ఒప్పుదల మీట తొక్కడానికి ఒక డాక్టరు కావాలి. తొక్కినప్పుడల్లా ఆమె సంతకం పడుతుంది.

ఏడో మనిషి బాలగురవయ్య. మార్కాపురం వైపు పలకరాయి గనుల్లో ముప్పయ్యేళ్లు రాయి చీల్చాడు. కుడి ఊపిరితిత్తి అంచున ఎనిమిది మిల్లీమీటర్ల బుడిపె ఉంది. పదహారు నెలలు వంతు కోసం ఎదురుచూశాడు. మత్తు ఇవ్వబోతుంటే ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక తప్పు చేసినానమ్మా. స్కాను తీసేటప్పుడు నిండా పీల్చి బిగబట్టమన్నారు. నాకాడ అంత ఊపిరి యాడుంది? పట్టలేదంటే వంతు పోద్దని, పట్టినట్టు కదలకుండా పడుకున్నా. మా గనోళ్లందరం అట్నే చేస్తాం. మీరు రాసుకోబాకండి."

ఆమె ఏదో అడగబోయింది. అప్పటికే అతను మత్తులోకి జారుకున్నాడు.

స్కాను చూసి సారథి గీసిన శ్వాసపటం, అంటే ఊపిరితిత్తుల్లో దారుల పటం, అంతా నిండు ఊపిరి లెక్క మీద ఉంది. సగం ఊపిరితో తీసిన స్కానైతే బుడిపె ఉన్న చోటు తప్పుగా పడుతుంది. ఆ లెక్క ప్రకారమే నాళిక దిగింది, బుడిపెను చేరినట్టు తెర మీద చుక్క పచ్చబడింది, సూది మూడు ముక్కలు తెచ్చింది. కేన్సరు లేదని చెప్పి, ఒప్పుదల ఇవ్వమని సారథి అడిగింది.

సుభాషిణికి మీట తొక్కేద్దామనే అనిపించింది. అలసిపోయి ఉంది, ఇంకా అయిదుగురు ఉన్నారు. తనకెందుకు చెప్పాడా అని అతని మీద కోపం కూడా వచ్చింది. పటం తప్పని రాస్తే వంతు రద్దవుతుంది, మళ్లీ పదహారు నెలలు. తొక్కితే నిశ్చింతగా ఇంటికెళతాడు, బుడిపె లోపల పెరుగుతూ ఉంటుంది.

"నాళిక నా చేతికివ్వు," అంది సారథితో.

పిడి పట్టుకుని నాలుగేళ్లయింది. మత్తు డాక్టరుకు చెప్పి ఊపిరితిత్తులు నిండా ఉబ్బించి, అప్పటికప్పుడు ఎక్స్‌రే తీయించింది. సూది పొడిచిన చోటికి వేలెడంత కింద ఉంది బుడిపె. రెండుసార్లు దారి తప్పి, మూడోసారి అందుకుంది. ఆ ముక్కను చూసి సారథి మాట మార్చింది. కేన్సరే, మొదటి దశ, కోసి తీసేయవచ్చు.

సుభాషిణికి ఏడుపొచ్చేంత సంతోషం వేసింది. మరుక్షణమే, గనోళ్లందరం అట్నే చేస్తామని అతనన్న మాట గుర్తొచ్చింది. తన ఒప్పుదలతో ఏమీ లేదని ఇంటికి పంపిన గని మనుషులు ఎంతమందని అడిగింది. రెండు వందల పదకొండు మందని సారథి చెప్పింది.

"వాళ్లందరి సంతకాలూ వెనక్కి తీసుకుంటున్నా. మళ్లీ పిలిపించు."

"ముందు వాళ్లను చూడాల్సి వస్తుంది. ఈ క్షణం నుంచి మిగతా వంతులన్నీ ఆగిపోతాయి. కారణం నమోదు చేయండి."

"వాళ్లను నేను చూడలేదు. మీట తొక్కానంతే."

తెర మీద రేపటి జాబితా చెరిగిపోయింది, తర్వాత ఎల్లుండిది. బయట ఎనిమిదో మనిషి, నడివయసు ఆడమనిషి, అప్పటికే ఆసుపత్రి గౌను తొడుక్కుని కూర్చుంది. సుభాషిణి తలుపు తీసిన చప్పుడుకు తననే పిలుస్తున్నారనుకుని లేచి నిలబడింది.